కుట్టు

ఏప్రిల్ రాగానే మా కానుగ చెట్టు
పువ్వు రాల్చడం మొదలుపెడుతుంది.
లేత ఊదారంగు నూక.
పొద్దున్నే మిషను మీది గుడ్డ తియ్యాలంటే
ముందు దాన్ని దులపాలి.

బ్రాడీపేట నాలుగో లైను మొదట్లో
పదకొండేళ్ళ నుంచీ నా కుర్చీ ఇక్కడే.
ఫాల్స్, జిప్పులు, పొడవు తగ్గించుట, లూజు పట్టుట.
కానుగ కింద గానుగ, నాగుల్ మీరాది,
చెరకు రసం బండి.
దాని చక్రానికి మువ్వలున్నాయి,
నా మిషనుకి కిర్రు ఉంది,
మా ఇద్దరి మధ్యా వాటి రొద వాటిది.

మిర్చియార్డు వైపు నుంచి గాలి తిరిగితే
మేం తుమ్ముతాం. అవి తుమ్మవు.
పిప్పి బుట్ట మీద మూగుతాయి,
గ్లాసు అంచుల మీద నడుస్తాయి.
కాలేజీ పిల్లలు అమ్మో అని ఎగిరితే
మీరా అంటాడు,
"కదలకండమ్మా, అది మీకోసం రాలేదు."
రోజూ మొదటి గ్లాసులో చివరి గుక్క
గోడవార చిప్పలో పోస్తాడు.
బోణీ అంటాడు. ఎవరి బోణీయో చెప్పడు.

మొన్న మంగళవారం
పెళ్ళివారి జాకెట్టు చేతికి లేసు తిప్పుతున్నాను.
గాజుల కింద ఏదో నడిచింది.
చెమట చుక్కనుకుని
రెండో చేత్తో తుడిచాను.

అంతే.

సూది వేలిలో దిగడం నాకు తెలుసు.
రెండుసార్లు దిగింది, ఒకసారి గోరులోంచి.
అది ఇనుము. దిగుతుంది, వస్తుంది, అయిపోతుంది.
ఇది అట్లా కాదు.
దిగినాక కూడా పని చేసుకుంటూనే ఉంది,
లోపల ఎవరో చిన్న పెడల్ తొక్కుతున్నట్టు.

వైద్యానికి లైను మొత్తం వచ్చింది.
సున్నం అన్నాడు కిళ్ళీకొట్టు ఏడుకొండలు.
తాళంచెవి రుద్దమంది పూలమ్మే అంకమ్మ.
టూత్‌పేస్టు, అన్నాడు ఆటో అతను, ఫోన్లో చూసి.
మీరా ఎవరి మాటా వినలేదు.
ఆధార్ కార్డు అడిగాడు.
"దీనికి కూడానా?" అంటే నవ్వలేదు.
కార్డు అంచుతో పక్కకి గీకాడు.
"లాక్కూడదు రాహేలమ్మా, లాగితే సంచీ పిండినట్టే."

కార్డు మీద, నా పుట్టిన తేదీ పక్కన,
నూగంత ముల్లు.
దాని వెనక తడిగా, సన్నగా ఒక పోగు.
సూదీ దారమూ రెండూ నాకే వదిలేసింది.
ఒక్క సూది విరిగితే
నేను సాయంత్రం దాకా గొణుగుతాను.

అది బాబిన్ డబ్బా మూతలో పడి ఉంది,
ప్రెస్ బటన్ల మధ్య,
ఇంకా కాళ్ళు ఆడిస్తూ.
చూడలేక కుర్చీ అటు తిప్పుకున్నాను.

పొద్దుగూకేసరికి చెయ్యి బూరెలా పొంగింది.
కత్తెర కన్నంలో బొటనవేలు పట్టలేదు.
పెళ్ళివారి అమ్మాయి వచ్చింది స్కూటీ మీద.
"కుట్టారా ఆంటీ?"
"కుట్టింది."
"ఎవరు?"
చెయ్యి చూపించాను.
మనవాళ్ళెవరో గానీ
రెండు పనులకీ ఒకటే మాట పెట్టి పోయారు.
ఆ పిల్ల నవ్వి, మళ్ళీ నవ్వు ఆపుకుని,
"ముహూర్తం ఎల్లుండి" అంది.

ఆ రాత్రి ఎడమ చేత్తోనే కుట్టాను.
లేసు కాస్త వంకర పోయింది.
పెళ్ళిలో ఎవరూ చూళ్ళేదట.

ఆ తర్వాత నాలుగు రోజులు దురద.
గోకొద్దంటారు గానీ
గాజులు వెనక్కి తోసి గోక్కుంటే ఉండే సుఖం
ఇంకెందులోనూ లేదు.

నిన్న ఒక వాయిల్ చీర,
పసుపు మీద ఎర్ర పూలు,
ఫాల్ కోసం పరిచాను.
ఒకటి వచ్చి వాలింది.
ఈ పువ్వు మీంచి ఆ పువ్వుకి,
ప్రతిదాన్నీ మూతి పెట్టి అడిగింది.
గుడ్డ. గుడ్డ. మళ్ళీ గుడ్డ.
నా మణికట్టు దానంతటదే వెనక్కి పోయింది.
పెడల్ మీద కాలు మాత్రం నేనే ఆపాను.

చీర మనిషి గొడుగు కింద నుంచి
"అయిందా?" అంటోంది.
"ఆగండమ్మా," అన్నాను,
"దానికి ఇంకో వరస మిగిలింది."